నిమ్మకాయని కాదు, టైర్‌ని చూడండి

కొత్త బండి కొన్నవాడు మొదట చేసే పని ఏమిటి? రెండు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం. మా విజయనగరం జిల్లాలో అంతే, ఇక్కడ ఛత్తీస్‌గఢ్‌లోనూ అంతే. నిమ్మకాయ సరిగ్గా నలిగిందా లేదా అని ఇంటిల్లిపాదీ వంగి చూస్తారు. ఆ నిమ్మకాయని నలిపిన టైర్ మీద ఏం రాసి ఉందో చదివినవాణ్ణి మాత్రం నేను చూడలేదు. నిజం చెప్పాలంటే 2022 దాకా నేనూ చదవలేదు. నేను హేతువాద సంఘం సభ్యుణ్ణి. నిమ్మకాయలు చూసి నవ్వేవాణ్ణి. టైర్ చూడనివాడు నిమ్మకాయని చూసి నవ్వితే ఎవరికి లాభం? నాకు ఈ ప్రశ్న ఎలా వచ్చిందో చెపుతాను.

నేను ఉండేది రాయపూర్ జిల్లా అభన్‌పూర్‌లో. రాయపూర్ నుంచి దక్షిణంగా ముప్పై కిలోమీటర్ల లోపే. ఇక్కడి రోడ్డుని ఇప్పుడు 30వ నంబరు జాతీయ రహదారి అంటున్నారు. ధమ్‌తరి, కాంకేర్, జగదల్‌పూర్, కొంటా, భద్రాచలం దాటి విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం దాకా పోతుంది. పాత నంబర్ల రోజుల్లో ఇది 43వ నంబరు రోడ్డు. జగదల్‌పూర్ నుంచి కోరాపుట్, సాలూరు మీదుగా మా విజయనగరం వచ్చేది. మా బావ ఆ రోడ్డు పట్టుకునే ఇక్కడికి వచ్చి టిఫిన్ హోటల్ పెట్టాడు. తరువాత ఉద్యోగం కోసం నేనూ వచ్చాను. పాత నారో గేజి రైలు పోయి, 2025 మార్చిలో రాయపూర్‌కి మెము రైలు వచ్చింది. అయినా పాల క్యాన్లు, కూరగాయల బస్తాలు, బడి పిల్లలు, ముసలి తల్లిదండ్రులు, అందరినీ మోసేది ఇప్పటికీ మోటార్ సైకిలే.

2021 చివర మా బావ ఒక పాత బండి కొన్నాడు. నూరు సీసీ బండి. మీటర్‌లో పద్నాలుగు వేల కిలోమీటర్లే ఉన్నాయి. అమ్మినాయన ఎక్కువ కాలం దాన్ని పెరట్లో ఎండలో వదిలేశాడు. తక్కువ తిరిగిన బండి దొరికిందని మా బావ సంతోషించాడు. దానికి నల్ల తాడు కట్టాడు. ప్రతి శనివారం పది రూపాయలిచ్చి నిమ్మకాయ, మిరపకాయల దండ వేలాడదీసేవాడు. 2022 ఫిబ్రవరిలో ఒక శనివారం మెకానిక్ వెనక టైర్ చూసి "పక్కన బీటలు తీశాయి, మార్చెయ్యండి" అన్నాడు. శనివారం ఇనుము, రబ్బరు కొనకూడదని మా బావ సోమవారానికి వాయిదా వేశాడు. "నువ్వూ ఒకసారి చూడరా" అని నన్ను అడిగాడు. నేను వంగి చూశాను. గ్రిప్ బ్రహ్మాండంగా ఉంది. "ఆ మెకానిక్ టైర్ అమ్ముకోవడానికి చెప్పాడు బావా, ఇంకో ఏడాది వస్తుంది" అన్నాను. శనివారం నమ్మకాన్ని ఎగతాళి కూడా చేశాను.

మర్నాడు ఆదివారం. రాజిమ్‌లో మాఘీ పున్నీ మేళా రోజులు. బావ, అక్క ఆ బండి మీదే బయలుదేరారు. అభన్‌పూర్ నుంచి రాజిమ్ ఇరవై కిలోమీటర్ల లోపే. సగం దారిలో వెనక టైర్ పక్క భాగం చీలి, ట్యూబ్ బయటికి పొడుచుకొచ్చి పేలింది. బావకి మోచేతులు గీరుకుపోయాయి. ఒక పక్కకి తిరిగి కూర్చున్న అక్కకి కుడి కాలు రెండు చోట్ల విరిగింది. ఆరు నెలలు మంచం మీద ఉంది. ఇప్పటికీ మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకుంటుంది.

ఇక కారణాల వెతుకులాట మొదలైంది. మొదటి కారణం దిష్టి. నిమ్మకాయ ఉంది కదా, దిష్టి ఎలా తగిలింది అని అడిగాను. "నిమ్మకాయ ఉంది కాబట్టే ప్రాణాలు దక్కాయి" అన్నారు. ఏమీ జరగకపోతే అది నిమ్మకాయ మహిమ. కాలు విరిగితే కూడా నిమ్మకాయ మహిమే. ప్రాణం పోయి ఉంటే నిమ్మకాయ ఎండిపోయిందనేవారు. ఏం జరిగినా సరిపోయే కారణం కారణమే కాదు.

అంతటితో ఆగి ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. దిష్టి అన్నాక ఎవరి దిష్టి అనే ప్రశ్న వస్తుంది. మా బావ ఇంటి పక్క సందులో ఒక వితంతువు ఉంటుంది. బండి కొన్న రోజు ఆవిడ వచ్చి "బండి బాగుంది బాబూ" అని సీటు మీద చెయ్యి వేసి చూసింది. ఆ చెయ్యి ఇప్పుడు అందరికీ గుర్తొచ్చింది. నాలుగు రోజులు తిరిగేసరికి సందులో ఆడవాళ్ళు ఆవిడతో మాట్లాడడం మానేశారు. ఒకాయన 'టోనహీ' అనే మాట వాడాడు. ఆ మాట ఎంత ప్రమాదమో ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నవాళ్ళకి తెలుసు. మంత్రగత్తె అనే ముద్ర అది. ఆ ముద్ర వేసి ఆడవాళ్ళని హింసించడం ఆపడానికి ఈ రాష్ట్రం 2005లో ప్రత్యేకంగా చట్టం చెయ్యవలసి వచ్చింది. ఒక స్త్రీని టోనహీ అని వేలెత్తి చూపడమే ఆ చట్టం కింద నేరం.

నేను చట్టం గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. మెకానిక్ దగ్గరికి వెళ్ళి పేలిన టైర్ తెచ్చాను. "ఏ టైర్, ఎప్పటిది?" అని అడిగితే ఆయనే చూపించాడు. పక్క భాగం మీద చిన్న కోడిగుడ్డు ఆకారంలో నాలుగు అంకెలు. 3112. అంటే 2012వ సంవత్సరం, 31వ వారం. తొమ్మిదిన్నర ఏళ్ళ టైర్ అది. ఆ టైర్‌ని మా బావ హోటల్ ముందు బల్ల మీద పెట్టాను. వచ్చినవాళ్ళందరికీ అంకెలు చూపించాను, బీటల్లోకి గోరు పెట్టి చూపించాను. "ఇది తయారైనప్పుడు ఆవిడకి మీరెవరో తెలియదు, ఈ బండి ఎవరిదో తెలియదు" అన్నాను. అందరూ నమ్మారని చెప్పను. టోనహీ అన్నాయన మాత్రం మళ్ళీ ఆ మాట అనలేదు. కొన్నాళ్ళకి ఆవిడ మా అక్కకి గంజి కాచి తెచ్చింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా బావ నమ్మింది శనివారాన్ని. నేను నమ్మింది గ్రిప్‌ని. ఇద్దరిలో ఎవరూ టైర్‌ని పరీక్షించలేదు. పరీక్షించినవాడు మెకానిక్ ఒక్కడే, ఆయన్ని నేను స్వార్థపరుడని కొట్టిపారేశాను. దేవుణ్ణి నమ్మకపోతే సరిపోదు. పరీక్షించకుండా నమ్మే అలవాటు పోకపోతే ఆ నమ్మకం దేవుడి మీద నుంచి గ్రిప్ మీదకి మారుతుంది, అంతే.

అప్పటి నుంచి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. మీ బండికి పనికొస్తాయి.

టైర్ రెండు రకాలుగా చస్తుంది. ఒకటి అరిగి, రెండోది ముసలిదై. మనవాళ్ళకి మొదటిది మాత్రమే తెలుసు.

ముసలితనం గురించి ముందు చెపుతాను. పచ్చి రబ్బరు ఎండకి జిగురులా, చలికి పెళుసుగా అవుతుంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ దాన్ని గంధకంతో కలిపి వేడి చేస్తే గట్టిపడి సాగే గుణం నిలుస్తుందని కనిపెట్టాడు. రబ్బరులోని పొడవాటి అణువుల గొలుసుల మధ్య గంధకం వంతెనలు కడుతుంది. గాలిలోని ఆక్సిజన్, వేడి కలిసి ఏళ్ళ తరబడి ఈ గొలుసులనీ వంతెనలనీ మారుస్తూ పోతాయి. రబ్బరు సాగే గుణం పోయి గట్టిపడుతుంది. గాలిలో కొద్దిగా ఉండే ఓజోన్ పై పొరలో బీటలు తెస్తుంది. దీన్ని ఆపడానికి టైర్ కంపెనీలు రబ్బరులో కొన్ని రసాయనాలు, మైనం లాంటి పదార్థాలు కలుపుతాయి. టైర్ తిరుగుతూ వంగుతూ ఉంటే అవి నెమ్మదిగా పై పొరకి వస్తూ కాపాడతాయి. కదలకుండా నిలబెట్టిన బండి టైర్‌కి ఆ రక్షణ తగ్గుతుంది. అందుకే "తక్కువ తిరిగిన బండి, టైర్లు కొత్తవే" అనే మాట పెద్ద మోసం. ఎండలో నిలబెట్టిన బండి అయితే మరీ మోసం.

ఎన్నేళ్ళకి మార్చాలి? దీనికి దేవుడు రాసిన అంకె లేదు. మిషలిన్ కంపెనీ చెప్పేది ఏమిటంటే, అయిదేళ్ళు దాటిన టైర్లని ఏడాదికి ఒకసారైనా తెలిసినవాడితో పరీక్ష చేయించండి, చూడడానికి బాగున్నా పదేళ్ళకి మాత్రం తీసెయ్యండి అని. వేసవిలో 45 డిగ్రీలు దాటే రాయపూర్ ప్రాంతంలో, ఆరుబయట పెట్టే బండికి నేను పదేళ్ళు ఆగను. అయిదేళ్ళు దాటితే నెలకొకసారి బీటలు చూస్తాను. బీట లోతుగా ఉన్నా, పక్క భాగం ఉబ్బినా, లోపలి దారాలు కనిపించినా ఆ రోజే మారుస్తాను.

ఇక అరుగుదల. ఎన్ని కిలోమీటర్లు వస్తుందని అడిగితే ఒకడు పదిహేను వేలంటాడు, ఒకడు నలభై వేలంటాడు. ఇద్దరూ నిజమే చెపుతూ ఉండవచ్చు. వాళ్ళ బండ్లు, బరువులు, రోడ్లు, బ్రేకు కొట్టే పద్ధతి వేరు. నేను రాయపూర్‌కి రోజూ వెళ్ళి వస్తాను. రోజుకి అరవై కిలోమీటర్లు, నెలకి ఇరవై అయిదు రోజులు, అంటే ఏడాదికి పద్దెనిమిది వేలు. ఒక నోట్ పుస్తకం పెట్టుకుని ప్రతి రెండు వేల కిలోమీటర్లకి పళ్ళు కుట్టుకునే పుల్లతో గాడి లోతు కొలిచాను. నా వెనక టైర్ ఇరవై మూడు వేలకి పని అయిపోయింది. అదే రోజు వేసిన ముందు టైర్ ముప్పై ఆరు వేలు నడిచింది. ఇంజన్ తోసేది వెనక చక్రాన్నే, మనిషి బరువు ఎక్కువగా పడేదీ దాని మీదే. కాబట్టి తేడా సహజం. ఇది ఒక్క బండి లెక్క. దీన్ని సూత్రం చెయ్యకండి. మీ బండికి మీరే పుస్తకం పెట్టుకోండి.

కొలవడానికి పుల్ల కూడా అక్కరలేదు. టైర్ గాళ్ళ అడుగున అక్కడక్కడ చిన్న గట్లు ఉంటాయి. పక్క భాగం మీద చిన్న త్రికోణమో, టీడబ్ల్యూఐ అనే అక్షరాలో ఆ గట్లు ఎక్కడున్నాయో చూపిస్తాయి. మన దేశంలో ద్విచక్ర వాహనాలకి గాడి లోతు 0.8 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. రబ్బరు అరిగి ఆ గట్టుతో సమానమైతే టైర్ ఆయుష్షు తీరినట్టే. ఇక జ్యోతిష్యుణ్ణి అడగనక్కరలేదు. గాళ్ళు ఉన్నది ముఖ్యంగా నీళ్ళని పక్కకి పంపడానికి. పొడి రోడ్డు మీద గుండు టైర్ కూడా పట్టుకుంటుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో "ఏం కాలేదు కదా" అనిపిస్తుంది. జూన్‌లో మొదటి వాన పడ్డాక తెలుస్తుంది.

ఎండాకాలంలో ఇంకో నమ్మకం ఉంది. వేడికి గాలి వ్యాకోచించి టైర్ పేలుతుంది కాబట్టి గాలి తక్కువ కొట్టించుకోవాలట. ఇది నిమ్మకాయ లాంటిది కాదు, ఇందులో సగం సైన్స్ ఉంది. ప్రమాదం కూడా ఆ సగం వల్లే. లెక్క చేద్దాం. 25 డిగ్రీల దగ్గర 28 పీఎస్‌ఐ గాలి ఉన్న టైర్ 45 డిగ్రీలకి వేడెక్కితే ఒత్తిడి దాదాపు 31 అవుతుంది. మూడు పీఎస్‌ఐ పెరిగితే మంచి టైర్‌కి ఏమీ కాదు. కంపెనీ వాళ్ళు చల్లగా ఉన్నప్పుడు కొట్టమని చెప్పే అంకెలో ఈ పెరుగుదల లెక్క కలిసే ఉంటుంది. గాలి తగ్గిస్తే ఏమవుతుంది? ప్రతి చుట్టుకీ టైర్ పక్క భాగం ఎక్కువ వంగుతుంది. వంగిన ప్రతిసారీ వేడి పుడుతుంది. తీగని అటూ ఇటూ పదిసార్లు వంచి పట్టుకుని చూడండి, తెలుస్తుంది. పేలుడు నుంచి తప్పించుకోవడానికి గాలి తగ్గించినవాడు పేలుడికి దగ్గరవుతున్నాడు. ముసలి టైర్ అయితే ఇంకా తొందరగా.

మా వాళ్ళలో చదువుకున్నవాళ్ళు నిమ్మకాయ నమ్మరు, నైట్రోజన్ నమ్ముతారు. పెట్రోల్ బంకులో పచ్చ మూత బిగించి డబ్బులు తీసుకుంటారు. మనం మామూలుగా కొట్టించే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. నైట్రోజన్‌తో నింపితే గాలి తగ్గడం కొంత నెమ్మదిస్తుందన్నది నిజం. అమెరికాలో కన్‌స్యూమర్ రిపోర్ట్స్ వాళ్ళు కారు టైర్లని ఏడాది పాటు ఆరుబయట ఉంచి చూస్తే మామూలు గాలి 3.5 పీఎస్‌ఐ, నైట్రోజన్ 2.2 పీఎస్‌ఐ తగ్గాయి. ఏడాదికి 1.3 తేడా. పదిహేను రోజులకొకసారి మామూలు గాలి చెక్ చేయించుకునేవాడికి ఆ తేడాతో పని లేదు. నైట్రోజన్ కొట్టించాను కదా అని ఆరు నెలలు గాలి చూడనివాడికి అది నష్టమే. సైన్స్ మాట వాడినంత మాత్రాన మూఢనమ్మకం సైన్స్ అయిపోదు.

ఇప్పుడు కొత్త టైర్ ఎలా ఎంచుకోవాలి? దుకాణంలో మొదటి ప్రశ్న "ఏ కంపెనీ కావాలి?" అని వస్తుంది. అది చివరి ప్రశ్న కావాలి. పేరున్న కంపెనీల్లో ఏదైనా, సరైన టైర్ అయితే చాలు. మొదట చూడవలసింది సైజు. 2.75-18 అంటే వెడల్పు రెండు ముప్పావు అంగుళాలు, రిమ్ పద్దెనిమిది అంగుళాలు. 100/90-17 అని ఉంటే వెడల్పు నూరు మిల్లీమీటర్లు, ఎత్తు అందులో తొంభై శాతం, రిమ్ పదిహేడు అంగుళాలు. దాని పక్కన 48పీ, 55పీ లాంటిది ఉంటుంది. అంకె మోయగలిగే బరువుకి గుర్తు. 42 అంటే 150 కిలోలు, 48 అంటే 180, 55 అంటే 218. అక్షరం వేగానికి గుర్తు, పీ అంటే గంటకి 150 కిలోమీటర్లు. యజమాని పుస్తకంలో ఉన్న అంకె కంటే తక్కువ అంకె ఉన్న టైర్ వెయ్యకూడదు. చూడడానికి లావుగా ఉంటుందని ఇరుకు రిమ్‌కి వెడల్పు టైర్ ఎక్కించే కుర్రాళ్ళున్నారు. రిమ్ దగ్గర నొక్కుకుపోయి టైర్ ఆకారం మారుతుంది, మలుపులో బండి మాట వినదు.

రెండోది తారీఖు. దుకాణదారుడు చెప్పింది వినకండి, నాలుగు అంకెలు చదవండి. ఏడాది లోపుది అయితే మంచిది. మూడేళ్ళు గోడౌన్‌లో ఉన్నదాన్ని కొత్తది అని అదే ధరకి ఎందుకు కొనాలి? మూడోది బాణం గుర్తు. చాలా టైర్లకి తిరిగే దిక్కు బాణంతో ఉంటుంది. బిగించాక మీరే చూడండి. నాలుగోది ట్యూబ్. ట్యూబ్ టైర్ అయితే టైర్‌తో పాటు ట్యూబ్ కూడా కొత్తది వేయించండి. సాగిపోయిన పాత ట్యూబ్ కొత్త టైర్‌లో మడతపడి అక్కడే పోతుంది. ట్యూబ్‌లెస్ కావాలంటే అందుకు తగిన రిమ్ ఉండాలి, పుల్లల చక్రానికి మామూలుగా పనికిరాదు. అయిదోది, పాత టైర్‌కి వేడి బ్లేడుతో గాళ్ళు కోసి సగం ధరకి అమ్మేవాటిని ముట్టుకోకండి. గాడి లోతు పెరిగినా, దాని కింద మిగిలిన రబ్బరు తగ్గుతుంది.

కొత్త టైర్ వేశాక మొదటి నూట యాభై కిలోమీటర్లు నెమ్మదిగా వెళ్ళండి, పై పొర నునుపు పోవాలి. మెరవడానికి కిరసనాయిలు, పాత ఇంజన్ ఆయిల్ రాయకండి, పెట్రోలియం నూనెలు రబ్బరుని పాడు చేస్తాయి. విశ్వకర్మ పూజ రోజునా, ఆయుధ పూజ రోజునా కూడా.

డబ్బులెక్కడివి అంటారా? ఇది న్యాయమైన ప్రశ్న. చిన్న బండి వెనక టైర్ రెండు వేల రూపాయల చుట్టుపక్కల ఉంటుంది. రోజు కూలీకి అది చిన్న మొత్తం కాదు, గుండు టైర్ మీద తిరిగేవాళ్ళందరూ తెలివితక్కువవాళ్ళు కాదు. కానీ మా బావ లెక్క చూడండి. వారానికి పది రూపాయల నిమ్మకాయ దండ, ఏడాదికి 520. నాలుగేళ్ళకి 2,080. ఒక టైర్. నిమ్మకాయ మన జేబులోంచి టైర్ డబ్బే తీసుకుంటోంది. బదులుగా ఇచ్చేది ధైర్యం. ఆ ధైర్యంతోనే మనం టైర్ చూడడం మానేస్తాం.

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ప్రభుత్వ లెక్క ఇది. అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్ళినవాళ్ళు. వీళ్ళలో టైర్ వల్ల ఎంతమంది అని నేను ఊహించి చెప్పను. ప్రతి చావు తరువాత ఇంట్లో "ఎవరి దిష్టి?", "ఏ ఘడియలో బయలుదేరారు?" అనే ప్రశ్నలు మాత్రం తప్పకుండా వచ్చి ఉంటాయి. "టైర్ ఎప్పటిది?" అనే ప్రశ్న ఎన్ని ఇళ్ళలో వచ్చి ఉంటుంది?

హేతువాదులం సభలు పెట్టి నిప్పుల మీద నడిచి చూపిస్తాం, నోట్లో కర్పూరం వెలిగించి చూపిస్తాం. మంచిదే. సభ అయ్యాక బయట నిలబెట్టిన మన బండ్ల దగ్గరికి కూడా ఒకసారి వెళదాం. ఎంతమంది టైర్లు గట్ల దాకా అరిగాయో, ఎంతమంది తారీఖు చదివారో చూద్దాం. అక్కడ ఓడిపోతే మన ఉపన్యాసం కూడా ఒక మంత్రమే.

మా బావ మళ్ళీ టైర్లు కొన్నది శనివారం నాడే. నా మాట విని కాదు, అక్కని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళడానికి ఆదివారం బండి కావలసి వచ్చి. దుకాణంలో ముందు తారీఖు చదివాడు. మొదట చూపించిన టైర్ రెండేళ్ళ క్రితంది, వద్దని ఇంకోటి తీయించాడు. బండికి నిమ్మకాయ దండ ఇంకా వేలాడుతూనే ఉంది. నేను తీసెయ్యలేదు, తీసెయ్యమని అడగలేదు కూడా. పదిహేను రోజులకొకసారి ఆయన గాలి కొట్టించడానికి వెళ్ళినప్పుడు వంగి బీటలు చూస్తున్నాడు. దండ సంగతి తరువాత మాట్లాడుకుంటాం.

మీరు ఈ వ్యాసం చదివాక నాతో ఏకీభవించనక్కరలేదు. లేచి వెళ్ళి మీ బండి వెనక టైర్ మీద నాలుగు అంకెలు చదవండి.